"పంపాలనే ఉంది, కానీ...": పల్లెల్లో ఆడపిల్లల చదువుకు ఎక్కడ మొదలుపెట్టాలి

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో మళ్లీ చెబుతాను. మీ బృందం చూసుకునే పల్లెల్లో బడి లేదు, మూడు నాలుగు కిలోమీటర్ల అవతల ఉంది. ఒకటో తరగతిలో ఆడా మగా సమానంగానే చేరుతున్నారు. మూడో తరగతికి వచ్చేసరికి ఆడపిల్లలు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. ఐదో తరగతి పూర్తయ్యేసరికి వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగులుతున్నారు. మీ దగ్గర కొద్దిపాటి డబ్బు ఉంది. దాంతో గది కట్టాలా, స్కాలర్‌షిప్పులు ఇవ్వాలా, తల్లిదండ్రుల్లో అవగాహన పెంచే ప్రచారం చేయాలా అని అడిగారు.

ఈ పనిలో నాకు ఇరవై ఏళ్లు దాటాయి. ప్రచారాన్ని మాత్రం చివరికి పెట్టుకోమని ముందే చెబుతున్నాను. ఆడపిల్లకు చదువెందుకు అనే తల్లిదండ్రులు లేకపోలేదు. కానీ నేను గడప తొక్కిన ఇళ్లలో ఎక్కువమంది "పంపాలనే ఉందమ్మా, కానీ..." అని మొదలుపెట్టినవాళ్లే. ఆ "కానీ" తర్వాత వచ్చే మాట ఏమిటో తెలుసుకోవడమే మీ మొదటి పని. ఒక ఇంట్లో అది దారి భయం, ఇంకో ఇంట్లో చంటిబిడ్డ, మరో ఇంట్లో "మూడేళ్లు పోయింది, అక్షరం ముక్క రాలేదు" అన్న నిరాశ. వీటిలో ఏదీ గోడ మీద నినాదం రాస్తే పోయేది కాదు.

మీరు రాసిన దాంట్లో నన్ను బాగా ఆలోచింపజేసింది "మూడో తరగతి" అన్న మాట. అంటే ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలు. ఆడపిల్లలు బడి మానేస్తున్నారనగానే అందరూ రజస్వల కావడం, మరుగుదొడ్లు, పెళ్లి అంటారు. ఆ కారణాలు నిజమే, కానీ అవి బలంగా పనిచేసేది పై తరగతుల్లో. ఎనిమిదేళ్ల పాప మానేస్తోందంటే నేను రెండు చోట్ల వెతుకుతాను. ఒకటి, ఆ వయసుకు ఆమె తమ్ముణ్ణో చెల్లెల్నో ఎత్తుకుని తిరగగలదు, నీళ్లు మోయగలదు. ఇంటికి ఆమె పని విలువ అప్పుడే మొదలవుతుంది. రెండు, మూడో తరగతి వాచకం పిల్లలకు చదవడం వచ్చేసిందని అనుకుని మొదలవుతుంది. అప్పటికి చదవడం రాని పిల్లకు ఆ రోజు నుంచి తరగతిలో ఏదీ అర్థం కాదు. ఇంట్లో పని పెరగడం, బడిలో పాఠం అర్థం కాకపోవడం, ఈ రెండూ ఒకే ఏడాదిలో వస్తాయి. ఇక తల్లి ఏ లెక్క వేసుకుంటుందో మీరే ఊహించండి. ఆమె తప్పు చేస్తోందని నేను అనలేను.

అందుకే మీరు గది గురించి ఆలోచించే ముందు పిల్లలకు చదవడం వచ్చో రాదో చూడండి. ఇది ఒక్క వారంలో అయ్యే పని. ఒక కాగితం మీద కొన్ని అక్షరాలు, కొన్ని చిన్న మాటలు, నాలుగు వాక్యాల పేరా ఒకటి, చిన్న కథ ఒకటి రాసుకోండి. రెండు నుంచి ఐదో తరగతి దాకా ప్రతి పిల్లనూ పక్కన కూర్చోబెట్టుకుని, టెన్షన్ పెట్టకుండా చదివించండి. ఎవరు అక్షరాల దగ్గర ఆగారు, ఎవరు మాటల దాకా వచ్చారు, అంతే రాసుకోండి. ఫలితం చూశాక బాధపడతారు, కానీ ఆశ్చర్యపోవద్దు. 2019లో ప్రపంచ బ్యాంకు వేసిన లెక్క ప్రకారం పేద, మధ్యాదాయ దేశాల్లో పదేళ్ల పిల్లల్లో 53 శాతం మంది ఒక తేలికపాటి కథ చదివి అర్థం చేసుకోలేరు. వాళ్లలో చాలామంది బడికి వెళ్తున్నవాళ్లే.

దీనికి మందు ఉంది, ఖరీదైనదీ కాదు. ప్రథమ్ అనే స్వచ్ఛంద విద్యా సంస్థ భారతదేశంలో పెంచి పోషించిన పద్ధతి అది. రోజులో కొంత సమయం తరగతుల్ని పక్కన పెట్టి, ఎవరికి ఎంత వచ్చో దాన్నిబట్టి పిల్లల్ని గుంపులు చేసి నేర్పుతారు. అక్షరాలు రాని ఐదో తరగతి పిల్ల, అక్షరాలు రాని మూడో తరగతి పిల్లతో కలిసి కూర్చుంటుంది. ఉత్తరప్రదేశ్‌లో 2013-14లో పదేసి, ఇరవయ్యేసి రోజుల శిబిరాలుగా, మొత్తం 50 రోజులు ఇలా నేర్పారు. చివరికి పేరా, కథ చదవగలిగే పిల్లలు మిగతా బడులతో పోలిస్తే సుమారు రెట్టింపయ్యారు. ఇక్కడ మీలాంటి బృందాలు తప్పక గుర్తుంచుకోవలసిన సంగతి ఇంకొకటుంది. అదే రాష్ట్రంలో అంతకుముందు స్వచ్ఛంద కార్యకర్తలు బడి వేళల బయట చదువు తరగతులు పెట్టినప్పుడు, వచ్చినవాళ్లు బాగానే నేర్చుకున్నారు, కానీ చదవడం రాని పిల్లల్లో చాలా కొద్దిమందే వచ్చారు. సాయంత్రం తరగతి పెడితే ముందు రాలేకపోయేది ఇంటి పని ఉన్న ఆడపిల్లే. కాబట్టి బడివాళ్లను ఒప్పించి, బడి వేళల్లోనే గంటో రెండు గంటలో అడిగి తీసుకోండి.

మీ పల్లెల్లో ఇంటి భాష, బడి భాష వేరైతే పరీక్షను రెండు భాషల్లోనూ పెట్టండి. ప్రపంచంలో సుమారు 40 శాతం మందికి తమ ఇంటి భాషలో చదువు అందడం లేదని యునెస్కో చాలా ఏళ్లుగా చెబుతోంది. మగపిల్లలు బజారుకు, పనులకు తిరిగి బడి భాష కొంత పట్టేస్తారు. ఇంటి చుట్టూనే పెరిగిన ఆడపిల్లకు ఆ అవకాశం తక్కువ. అందుకే మొదటి రెండేళ్లు ఆమె భాష మాట్లాడే మనిషి తరగతిలో ఒకరు ఉండడం అవసరం.

ఇక దూరం సంగతి. మూడున్నర కిలోమీటర్లంటే మ్యాపు మీద అందరికీ ఒకటే. కానీ దారిలో మనుషులు తిరగని చోటు ఒకటుంటే, వానాకాలం పొంగే వాగు ఒకటుంటే, తల్లి మగపిల్లాణ్ణి పంపుతుంది, ఆడపిల్లను ఆపుతుంది. దీన్ని చాలా స్పష్టంగా చూపిన అధ్యయనం ఆఫ్ఘనిస్తాన్‌లోని ఘోర్ రాష్ట్రంలో జరిగింది. డానా బర్డ్, లీ లిండెన్ అనే పరిశోధకులు 31 గ్రామాలను తీసుకున్నారు. కొన్ని ఊళ్లలో ముందుగా 2007లో ఊళ్లోనే చిన్న బడి పెట్టించారు, మిగతా ఊళ్లకు తర్వాత వచ్చింది. ఊళ్లో బడి ఉన్నచోట ప్రతి వంద మంది ఆడపిల్లల్లో అదనంగా 52 మంది, ప్రతి వంద మంది మగపిల్లల్లో అదనంగా 35 మంది చేరారు. అంతవరకు చేరికలో ఆడా మగా మధ్య వందకు 21 మంది తేడా ఉండేది, అది దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. ఒక్క ఏడాదిలో అక్కడి మనుషుల నమ్మకాలు తలకిందులై ఉంటాయని నేననుకోను. బడి ఊళ్లోకి వచ్చింది, అంతే.

ఆ బడులకు పెద్ద భవనాలు లేవు, చోటు ఊరివాళ్లే ఇచ్చారు. మీకు గది కట్టాలన్న కోరిక బలంగా ఉందని మీ మాటల్లో తెలుస్తోంది. కట్టడం కంటికి కనిపిస్తుంది, ఇచ్చినవాళ్లకు చూపించవచ్చు. ప్రభుత్వాలు కడితే ఫలితం ఉంటుంది కూడా. ఇండోనేషియా 1973 నుంచి ఐదారేళ్లలో 61,000కు పైగా ప్రాథమిక పాఠశాలలు కట్టింది. పిల్లలు ఎక్కువగా బడి బయట ఉన్న జిల్లాలకే ఎక్కువ బడులు ఇచ్చింది. ఆ పిల్లల చదువు, పెద్దయ్యాక వాళ్ల సంపాదన పెరిగాయని ఆర్థికవేత్త ఎస్తేర్ డుఫ్లో 2001లో లెక్కకట్టి చూపారు. కానీ ఒక చిన్న బృందం తన డబ్బంతా గోడల్లో పెడితే, టీచరుకు జీతం ఇవ్వాల్సిన రోజున చేతులు ఖాళీగా ఉంటాయి. నేను చేసిన తప్పు కూడా ఇదే. తొలి రోజుల్లో మేము రెండు పల్లెలకు మధ్యలో ఒక గది కట్టాం. దూరం కొలిచి, సరిగ్గా నడిమధ్యన పెట్టాం. ఒక పల్లె నుంచి వచ్చే దారిలో వాగు ఉంది. ఎండాకాలంలో చూసి వచ్చాం కాబట్టి మాకది కనబడలేదు. వాన మొదలయ్యాక ఆ పల్లె ఆడపిల్లలు ఒక్కరూ రాలేదు. ఆ ఊరి తల్లుల్ని ముందే ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేవాళ్లు. ఇప్పటికీ ఆ గది గుర్తొస్తే నాకు మనసు చివుక్కుమంటుంది.

కాబట్టి పెద్ద పిల్లలు నడవగలరు, చిన్నవాళ్లకు ఊళ్లోనే చదువు అన్న పద్ధతిన ఆలోచించండి. ఒకటి నుంచి మూడో తరగతి దాకా ఊళ్లోని ఏదో ఒక గదిలో, ఊరి మనిషే టీచరుగా మొదలుపెట్టవచ్చు. పెద్ద బడి రికార్డుల్లో ఈ పిల్లల పేర్లు ఉండేలా అధికారులతో ముందే మాట్లాడుకోండి. ఇది మర్చిపోతే నాలుగో తరగతిలో చేర్చేటప్పుడు కాగితాల దగ్గర పిల్లలు ఇరుక్కుంటారు. నాలుగు, ఐదు తరగతుల పిల్లలు గుంపుగా, ఊరి పెద్దమనిషి ఒకరు తోడుగా నడిచి వెళ్లే ఏర్పాటు చేయండి. తోడు వచ్చే మనిషికి ఎంతో కొంత డబ్బు ఇవ్వండి. ఉచితంగా అడిగితే పొలం పనులు మొదలవగానే ఆ తోడు ఆగిపోతుంది.

ఊరి మనిషే టీచరు అంటే చాలామంది పెదవి విరుస్తారు, శిక్షణ లేదంటారు. బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ 1985లో 22 ఒంటిగది బడులతో మొదలుపెట్టింది. ఒక్కో బడిలో ముప్పై మందికి కాస్త అటూ ఇటూగా పిల్లలు, వాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలు. టీచర్లు చాలావరకు అదే ఊరి ఆడవాళ్లు. మొదట కొద్దిరోజుల శిక్షణ, తర్వాత క్రమం తప్పకుండా మళ్లీ మళ్లీ శిక్షణ, పైన తరచుగా వచ్చి చూసే మనిషి. ఆ పద్ధతి తర్వాత వేల ఊళ్లకు పాకింది. అందులో నాకు అన్నింటికంటే నచ్చింది బడి వేళల్ని తల్లిదండ్రులతో కూర్చుని నిర్ణయించడం. రోజుకు కొద్ది గంటలే బడి. ఇంటి పని అయ్యాక వచ్చే వీలుంటే ఆ వేళకే.

ఈ వేళల విషయం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే బయటి నుంచి వచ్చినవాళ్లకు ఇది కనబడదు. ఒక పాప రోజును గంటగంటకూ రాసి చూడండి. తెల్లవారకముందు లేచిందా, నీళ్లు ఎవరు తెచ్చారు, పశువుల్ని ఎవరు తోలారు, తల్లి పనికి వెళ్లాక చంటిబిడ్డ ఎవరి చంకలో ఉంది. ఒక ఊళ్లో ఒక పాప రోజూ తమ్ముణ్ణి ఎత్తుకుని బడికి వచ్చేది. వాడు ఏడిస్తే తరగతి చెడుతోందని టీచరు ఇద్దర్నీ వెనక్కి పంపేసేవారు. కొన్నాళ్లకు పాప రావడం మానేసింది. హాజరు పట్టీలో ఆమె పేరు పక్కన "ఆసక్తి లేదు" అని రాశారు. ఆ పాపకు కావలసింది స్కాలర్‌షిప్ కాదు, తమ్ముణ్ణి చూసుకునే ఒక అవ్వ. బడి పక్కనే చంటిపిల్లల్ని చూసే ఏర్పాటు చేశాక ఆమె తిరిగి వచ్చింది.

పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో సరిగ్గా ఈ ఆలోచనతోనే 2005 ప్రాంతంలో 132 పల్లెల్లో బడులు కట్టారు. ఆడా మగాకు వేరువేరు మరుగుదొడ్లు, టీచర్లకు ఇళ్లు, మధ్యాహ్నం భోజనం, చంటిపిల్లల్ని చూసుకునే ఏర్పాటు. నెలలో 90 శాతం రోజులు వచ్చిన ఆడపిల్లకు ఇంటికి పట్టుకెళ్లే ధాన్యం కూడా. ఆ ఊళ్లలో ప్రతి వంద మంది పిల్లల్లో అదనంగా 19 మంది చేరారు, ఆడపిల్లల్లో ఈ పెరుగుదల మగపిల్లల కంటే వందకు ఇంకో ఐదుగురు ఎక్కువ. అన్నీ ఒకేసారి చేశారు కాబట్టి ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పడం కష్టం. మీరు అన్నీ చేయలేరు కూడా. చంటిబిడ్డల ఏర్పాటు, భోజనం, ఈ రెండింటినీ నేనైతే ముందు పట్టుకుంటాను.

కోతలప్పుడు, వలస వెళ్లినప్పుడు నెల, రెండు నెలలు రాని పిల్లల గురించి కూడా అడిగారు. కొలంబియాలో 1970ల్లో విక్కీ కోల్బర్ట్, ఆమె సహచరులు పల్లె బడుల కోసం రూపొందించిన "ఎస్క్యూలా న్యూవా" (అంటే "కొత్త బడి") పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. ఒకే టీచరు, పలు తరగతులు. పిల్లలు స్వయంగా చదువుకునే పాఠ్య కరదీపికలతో ఎవరి వేగంతో వాళ్లు ముందుకెళ్తారు. పొలం నుంచి తిరిగొచ్చిన పిల్ల తను ఆపిన పేజీ నుంచే మొదలుపెడుతుంది. తరగతి తనను దాటి వెళ్లిపోయిందన్న సిగ్గు ఉండదు. ఆ సిగ్గు వల్ల మానేసిన పిల్లల్ని చాలామందినే చూశాను.

టీచరు రాకపోతే ఇదంతా వృథా. 2006లో అచ్చయిన ఒక అధ్యయనం బంగ్లాదేశ్, ఈక్వడార్, భారత్, ఇండోనేషియా, పెరూ, ఉగాండా దేశాల్లో ముందు చెప్పకుండా బడులకు వెళ్లి చూస్తే సగటున 19 శాతం మంది టీచర్లు లేరని తేల్చింది. పల్లెకు వచ్చే టీచరమ్మకు ఉండడానికి భద్రమైన ఇల్లు లేకపోతే ఆమె రోజూ బస్సు మీద ఆధారపడుతుంది. బస్సు రాని రోజు బడి ఉండదు. నాలుగు కిలోమీటర్లు నడిచి వచ్చిన పాపకు తాళం కనిపిస్తే, అలాంటి రోజులు వారంలో రెండు వస్తే, ఇంట్లోవాళ్లు మూడో రోజు పంపరు. టీచరమ్మకు ఊళ్లో ఒక గది చూసి పెట్టడం మీ చేతిలో ఉన్న పని.

స్కాలర్‌షిప్పుల గురించి నా అభిప్రాయం కాస్త సూటిగానే చెబుతాను. డబ్బు సాయం పనిచేస్తుంది, కానీ ఎక్కడ ఇస్తున్నామన్నది ముఖ్యం. మెక్సికోలో 1997లో మొదలైన ప్రోగ్రెసా పథకం పిల్లల్ని బడికి పంపిన కుటుంబాలకు డబ్బు ఇచ్చింది, పై తరగతుల్లో ఆడపిల్లలకు కాస్త ఎక్కువ ఇచ్చింది. ప్రాథమిక తరగతుల్లో అప్పటికే దాదాపు అందరూ ఉన్నారు కాబట్టి, అసలు ఫలితం ఆ తర్వాతి మెట్టు దగ్గర కనబడింది. మొరాకోలో చేసిన ప్రయోగం మీకు ఇంకా దగ్గరగా ఉంటుంది. హాజరు షరతులేమీ పెట్టకుండా, "ఇది మీ పిల్లల చదువు కోసం" అని చెప్పి చిన్న మొత్తం ఇచ్చినా, షరతులు పెట్టి ఇచ్చినదానికి ఏమాత్రం తీసిపోకుండా పనిచేసింది. అంటే హాజరు నిరూపించే కాగితాల తతంగం మీద మీ సమయం, డబ్బు పోగొట్టుకోనక్కరలేదు. ఫీజు లేకపోయినా యూనిఫాం, పుస్తకాలు, పరీక్ష రుసుము అంటూ చిన్న చిన్న ఖర్చులు ఉంటాయి. కెన్యాలో పై ప్రాథమిక తరగతుల పిల్లలకు ఉచితంగా యూనిఫాం ఇస్తే బడి మానేసే ఆడపిల్లలు తగ్గారు. ఇంట్లో ఇద్దరు పిల్లలకు ఒకే జత బట్టలుంటే అది ఎవరికి పోతుందో మీకు తెలుసు.

ఫీజులు పూర్తిగా ఎత్తేస్తే చాలనుకునేవాళ్లకు ఆఫ్రికా దేశం మలావీని గుర్తుచేయాలి. 1994లో అక్కడ ప్రాథమిక విద్య ఫీజులు తీసేయగానే ఏడాదిలోపే పిల్లల సంఖ్య సుమారు 19 లక్షల నుంచి 30 లక్షల దాకా పెరిగింది. పేదింటి పిల్లలకు తలుపులు తెరుచుకోవడం గొప్ప సంగతే. కానీ టీచర్లు, గదులు ఆ వేగంతో రాలేదు, ఒక్కో తరగతిలో వందకు పైగా పిల్లలు కూర్చున్నారు. మీరు కూడా ఒకేసారి అందర్నీ చేర్పించి ఒక్క టీచరు నెత్తిన పెట్టకండి.

మరుగుదొడ్ల మాట. తప్పకుండా ఉండాలి, ఆరోగ్యానికీ గౌరవానికీ. మీరు చెప్పిన వయసు పిల్లలకు ఏదో ఒక శుభ్రమైన మరుగుదొడ్డి, నీళ్లు ఉంటే చాలా మేలు. తలుపుకు గడియ ఉన్న, ఆడపిల్లలకే ప్రత్యేకమైన గది పన్నెండు దాటినవాళ్లకు మరింత అవసరం.

పై చదువు లేదని తెలిస్తే కింది చదువు కూడా నిలబడదు. "ఐదు చదివి ఏం చేస్తుంది, పై బడి ఇంకా దూరం కదా" అని తల్లులు మూడో తరగతిలోనే అనుకుంటారు. బిహార్‌లో 2006లో తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చారు. ఆ వయసు ఆడపిల్లల చేరిక 32 శాతం పెరిగింది. హైస్కూలు మూడు కిలోమీటర్లకు పైగా ఉన్న ఊళ్లలోనే ఈ ఫలితం ఎక్కువ. సైకిళ్ల మీద గుంపుగా వెళ్లే అక్కల్ని రోజూ చూసే చిన్నపిల్ల మీద, ఆమె తల్లి మీద దాని ప్రభావం ఎంత ఉంటుందో నేను ఊళ్లలో చూశాను. ఇలా ఎదిగిన ఆడవాళ్లు కళ్ల ముందు కనబడడం ఎంత పనిచేస్తుందో చూపే ఉదాహరణ ఇంకొకటుంది. పశ్చిమ బెంగాల్‌లో 495 గ్రామాల మీద చేసిన అధ్యయనంలో, వరుసగా రెండు ఎన్నికల్లో పంచాయతీ నాయకత్వం మహిళలకు కేటాయించిన ఊళ్లలో ఆడా మగా పిల్లల చదువు మధ్య తేడా చెరిగిపోయింది, ఆడపిల్లల ఇంటి పని గంటలు కూడా తగ్గాయి. ప్రచారం చేయాలనుకుంటే ఇలా చేయండి. బ్యానర్లు వద్దు. ఆ చుట్టుపక్కల చదువుకున్న ఆడపిల్ల ఎవరున్నా ఆమెను తీసుకొచ్చి తల్లుల మధ్య కూర్చోబెట్టండి.

మొదటి నెలలో ఏం చేయాలో చెప్పి ముగిస్తాను. ఒక పుస్తకంలో ఐదు నుంచి పన్నెండేళ్ల లోపు ప్రతి పిల్లకూ ఒక వరుస పెట్టండి. బడి రికార్డు చూసి రాయవద్దు, ఇంటింటికీ వెళ్లి రాయండి. పేరు నమోదైందా, మీరు చెప్పకుండా వెళ్లిన మూడు రోజుల్లో ఎన్ని రోజులు తరగతిలో కనబడింది, చదవడం ఎక్కడిదాకా వచ్చింది, తల్లి చెప్పిన "కానీ" ఏమిటి. ఆ "కానీ"ని తల్లి మాటల్లోనే రాయండి, మీ మాటల్లోకి మార్చకండి. నెలాఖరున ఆ గడి ఒక్కటే చదువుకుంటూ పోతే డబ్బు ఎక్కడ పెట్టాలో మీకే తెలిసిపోతుంది.

చివర ఒక గడి ఖాళీగా ఉంచండి: ఐదో తరగతి అయ్యాక ఈ పాప ఏ బడికి వెళ్తుంది, ఎవరితో, ఎలా వెళ్తుంది. ఆ గడి నింపలేకపోయిన ఇళ్లకు ఐదో తరగతి సగంలో ఉండగానే వెళ్లండి. పరీక్షలయ్యాక వెళ్తే ఆలస్యమవుతుంది, సెలవుల్లోనే ఆ పాపకు ఏదో ఒక పని కుదిరిపోతుంది.